పడమటికి చూపిన చెయ్యి

పెనుకొండ మ్యూజియం మొదటి గదిలో, ఎడమ పక్క గాజు పెట్టెలో నలభై ఒక్క రాతి గొడ్డళ్లు ఉన్నాయి. కొన్ని అరచేతిలో పడతాయి, కొన్ని జానెడు పొడుగు. నల్లగా, నున్నగా, ఒక అంచు పదునుగా ఉంటాయి. ఒక్కోదాని కింద అట్టముక్క మీద నంబరు, దొరికిన చోటు రాసి ఉండేవి. పద్దెనిమిదేళ్లు ఆ గాజు తుడిచింది కుళ్లాయప్ప. బడిపిల్లలు వస్తే ఆ రాళ్ల గురించి చెప్పిందీ ఆయనే. అట్టముక్కల మీదున్న చోట్ల పేర్లు నలభై ఒక్కటీ తప్పు. ఆ సంగతి తెలిసిన మనిషి మ్యూజియంలో ఆయనొక్కడే.

కుళ్లాయప్పది ఎర్రగుంటపల్లి. పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దారిలో బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడవాలి. గొర్రెలు కాచే కురుబల ఊరు. ఊరికి తూర్పున దొడ్డిగుట్ట, పడమర మరవవంక. వంకలో నీళ్లు కనపడే రోజులు ఏడాదికి పది కూడా ఉండవు. గుట్ట మీద మాత్రం రాతిగోడల గొర్రెల దొడ్లు ఒకప్పుడు నలభై దాకా ఉండేవి. ఆ గోడలు ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. పడిపోయిన రాయిని ఎత్తి మళ్లీ పెట్టడమే ఊళ్లోవాళ్లకు తెలిసిన పని.

కుళ్లాయప్పకు తొమ్మిదేళ్లప్పుడు, వాన వెలిసిన మధ్యాహ్నం, గుట్ట మీద మేకలు మళ్లేస్తుంటే కాలికి ఒక నల్లరాయి తగిలింది. కడిగి చూస్తే అద్దంలా మెరిసింది. పిడుగురాయి దొరికిందని అరుచుకుంటూ కిందికి దిగాడు. ఎక్కడ దొరికిందో దారిలో ఎదురైనవాళ్లందరికీ వేలు పెట్టి చూపించాడు. ఇంటి వాకిట్లో వాళ్ల నాయన చెంప మీద ఒక్కటిచ్చాడు.

"చోటు చెప్తారా ఎవరన్నా? చోటు చెప్తే పిడుగు మళ్లా ఆ చోటికే వస్తాది, దాని రాయి కోసరం."

ఆ రాళ్లు పిడుగుతోపాటు ఆకాశం నుంచి పడతాయని, ఏడు నిలువుల లోతుకు దిగి, వానవానకూ కొంచెం కొంచెం పైకి వస్తాయని గుట్ట మీది కాపరుల నమ్మకం. దొరికిన రాయిని దొడ్డి గోడలో పెడతారు. ఆ దొడ్డి మీద పిడుగు పడదు. ఈనలేక అవస్థ పడే గొర్రెకు ఆ రాయి కడిగిన నీళ్లు తాపుతారు. ఎవరైనా చోటు అడిగితే మాత్రం ఎదురు దిక్కు చూపించాలి. తూర్పున దొరికితే పడమర. అడిగినవాడు కాపరి అయితే అర్థం చేసుకుంటాడు. కాకపోతే వాడికి తెలియాల్సిన పని లేదు.

ఆ రోజు సాయంత్రం నాయన కొడుకును ఊరంతా తిప్పాడు. మధ్యాహ్నం చూపించిన ప్రతి మనిషి దగ్గరా ఆగి, "కాదు, మరవవంక కాడ దొరికింది" అని చెప్పించాడు. ఆ మాట కుళ్లాయప్ప నోటికి అలా పట్టింది.

ఇరవై రెండేళ్లకు ఉలిగమ్మతో పెళ్లయింది. నలభై దాటేసరికి మంద నూట ముప్పై అయింది. ఒక ఏడు వానలు బాగా పడ్డాయి. వానలతోపాటు దోమ వచ్చింది, దాని వెనకే నీలి నాలుక జబ్బు. మూతులు వాచి, నాలుకలు నీలంగా బయటికొచ్చి, గొర్రెలు నిలబడ్డచోటే కూలబడ్డాయి. ఇరవై ఆరు రోజుల్లో వంద పైన పోయాయి. గుంతలు తవ్వీ తవ్వీ చేతులు బొబ్బలెక్కి, చివరి వారం కళేబరాలను కంచెలోకి ఈడ్చి వదిలేశారు. మిగిలినవాటిని హిందూపురం సంతకు తోలి, వచ్చిన ధరకు ఇచ్చేసి, ఖాళీ చేతికర్రతో బస్సెక్కాడు. కర్రను బస్సులో అడ్డంగా పెట్టినందుకు కండక్టర్ తిట్టాడు. ఆ సంగతి ఇప్పటికీ చెప్తాడు. గొర్రెల సంగతి అడిగితే చెప్పడు.

ఆ తర్వాతి ఏడాదే దేవసహాయం సార్‌ను చూశాడు. హిందూపురంలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పెనుకొండలో ఒక పాత ధాన్యం గోదాము తీసుకుని, నలుగురు స్నేహితులతో ట్రస్టు పెట్టి, ఆదిమానవుల వస్తువులకూ, కాపరుల, అడవి తెగల వస్తువులకూ మ్యూజియం మొదలుపెట్టాడు. గోదాములో బండలు పరిచే పనిలో కూలీగా వచ్చిన కుళ్లాయప్ప, బల్ల మీద ఉన్న ఒక రాతి గొడ్డలిని చూసి పార పక్కన పెట్టాడు.

"ఇట్లాటివి మా దొడ్డిలో ఉండాయి సార్. మూడు."

"ఇస్తావా?"

"దొడ్డే లేకపాయ. దొడ్డి లేనోనికి పిడుగురాయి ఏంటికి? తీస్కో."

అది పిడుగురాయి కాదని, నాలుగు వేల ఏళ్ల కిందట మనుషులు నూరుకున్న గొడ్డలని, వాళ్లూ పశువులు కాచుకునే బతికారని దేవసహాయం చెప్పాడు. కుళ్లాయప్ప తలూపాడు. రాళ్లు తెచ్చిన రోజు సార్ రిజిస్టర్ తెరిచి, ఎక్కడ దొరికాయని అడిగాడు.

తన దొడ్డి పోయింది గానీ తమ్ముడు ఓబుళప్ప దొడ్డి గుట్ట మీదే ఉంది. మేనమామలవి, పెదనాయన కొడుకులవి ఉన్నాయి.

"మరవవంక కాడ సార్," అన్నాడు. సార్ రాసుకున్నాడు. కుళ్లాయప్ప వేలిముద్ర వేశాడు. మ్యూజియంలో అటెండరు ఉద్యోగం కూడా ఆ నెలలోనే వచ్చింది.

తర్వాతి పదమూడేళ్లలో ఊళ్లో ఒక్కో ఇల్లూ మంద అమ్ముకుంది. కొందరు ధర్మవరం మగ్గాలకు పోయారు, కొందరు బెంగళూరులో సెంట్రింగ్ పనులకు. అమ్మిన ప్రతివాడూ దొడ్డి గోడలోని రాళ్లు తెచ్చి కుళ్లాయప్ప చేతిలో పెట్టేవాడు. గుట్ట మీద దొడ్లు తగ్గేకొద్దీ మ్యూజియంలో గొడ్డళ్లు పెరిగాయి. ప్రతిసారీ సార్ అడిగాడు, ప్రతిసారీ కుళ్లాయప్ప గుట్టకు ఎదురు దిక్కున ఏదో ఒక చోటు చెప్పాడు. మరవవంక ఒడ్డు, వంక అవతలి గరుగు నేల, పడమటి చేన్లు. సార్ నాలుగు ఆదివారాలు మరవవంక పొడుగునా వెతికాడు. టోపీ పెట్టుకుని, వంగి, ఇసుక జల్లెడ పడుతూ. నీళ్ల క్యాను మోసుకుని వెనక నడిచింది కుళ్లాయప్పే. పెంకుముక్క కూడా దొరకలేదు. వరదలకు అవశేషాలన్నీ కొట్టుకుపోయి ఉంటాయని సార్ తన చిన్న పుస్తకంలో రాశాడు. అరవై నాలుగు పేజీల ఆ పుస్తకం చివర ఒక పటం. పటంలో మరవవంక వెంట నలభై ఒక్క చుక్కలు. దొడ్డిగుట్ట ఉన్నచోట ఖాళీ కాగితం.

దేవసహాయం 2019లో పోయాడు. అంత్యక్రియలకు హిందూపురం పోయి వచ్చిన రోజు ఉలిగమ్మ అడిగింది.

"ఆయప్పకన్నా చెప్పినావా నిజం?"

"యా మొగంతో చెప్పేది? నాలుగు వారాలు ఎండలో తిప్పితి."

"నూరేండ్లైనా చెప్పవులే నువ్వు. మీ నాయన కొట్టిన దెబ్బ అట్లాటిది."

సార్ తర్వాత మ్యూజియం బాధ్యత నిర్మలకు వచ్చింది. ముప్పై నాలుగేళ్లు. పురావస్తు శాస్త్రం చదివి, హిందూపురం నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి. కుళ్లాయప్పను 'అన్నా' అంటుంది. 2023 ఏప్రిల్‌లో ఆమె బల్ల మీదికి లావుపాటి రిపోర్టు ఒకటి వచ్చింది. దొడ్డిగుట్టను నల్లరాయి క్వారీకి ఒక కంపెనీ అడిగింది. పర్యావరణ నివేదిక తయారుచేసింది సురేంద్ర అనే కన్సల్టెంటు. ఆమె ఒక పేజీ దగ్గర ఆగి పైకి చదివింది. గుట్ట మీద పురాతన అవశేషాలేవీ లేవు. దగ్గరలో ఉన్న ఆదిమ స్థావరం మరవవంక, అది అయిదు కిలోమీటర్ల పడమర. ఆధారం, దేవసహాయం పుస్తకం, మ్యూజియం రిజిస్టరు.

కుళ్లాయప్ప చీపురు పట్టుకుని విన్నాడు. మూడు రోజులు మామూలుగా పనికి వచ్చి పోయాడు. నాలుగో రోజు మధ్యాహ్నం, ఆమె టిఫిన్ డబ్బా మూత తీసేవేళకు వచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, ఆ పటం తిరగేయాల."

"ఏ పటం అన్నా?"

"సార్ పుస్తకంలోది. చుక్కలన్నీ తూర్పుకు రావల్ల. రాళ్లన్నీ గుట్టవే. నేనే తప్పు చెప్పినా."

అన్నీ విన్నాక ఆమె డబ్బా మూత మళ్లీ పెట్టేసింది. కోపం వచ్చింది. అయినా ఆ ఆదివారం ఆయనతో గుట్ట ఎక్కింది. పైన బండ మీద గొడ్డళ్లు నూరిన గుంతలు చూపించాడు. పొడుగ్గా, వరసగా, పదిహేడు. ఆమె కూర్చుని ఒక గుంతలో వేళ్లు పెట్టి చాలాసేపు తీయలేదు. నేల మీద మాత్రం ఒక్క గొడ్డలి దొరకలేదు. తరతరాలుగా కనపడిన ప్రతి రాయినీ కాపరులే ఏరుకున్నారు. ఇంకా మిగిలినవి పదకొండు దొడ్ల గోడల్లో ఉన్నాయి.

పురావస్తు శాఖ వచ్చి చూసేదాకా అనుమతి ఆపమని నిర్మల ఉత్తరాలు రాసింది. గుంతలు ఆడవాళ్లు వడ్లు దంచుకున్నవి కావచ్చని సురేంద్ర జవాబు రాశాడు. మే నెలలో ప్రజాభిప్రాయ సేకరణ తేదీ పడింది. కాపరులు ముందుకొచ్చి, రాళ్లు గుట్ట మీదే దొరికాయని మినిట్స్‌లో రాయిస్తే తవ్వకం పరీక్ష అడగొచ్చని, అది తప్ప వేరే దారి లేదని నిర్మల చెప్పింది. గుట్ట పోతే పదకొండు మందలకు మేతా లేదు, దొడ్డీ లేదు.

కుళ్లాయప్ప తమ్ముడి దగ్గరికి పోయాడు. ఓబుళప్ప మందలో తొంభై దాకా గొర్రెలు. అన్న చెప్పిందంతా విని, తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"నువ్వు మేడమ్‌కు చోటు చెప్పేసినావా?"

"చెప్పినా."

"నీకేమప్పా, గాజు పెట్టెలో గొర్రెలు కాస్తాండావు. నా దొడ్డి ఆడుండాది."

"గుట్టే లేకపోతే దొడ్డి యాడుంటాది రా? ఆలోచన చెయ్."

ఓబుళప్ప చివరికి ఒప్పుకున్నాడు. మిగతా పదిమందిని కూడా తనే ఒప్పించాడు. ఉలిగమ్మ మాత్రం నమ్మలేదు. "నీ తమ్ముడు మైకు కాడ నిలబడితే పేరు కూడా సరిగ్గా చెప్పడు" అంది.

సమావేశానికి నాలుగు రోజుల ముందు తలుపుల అనే ఊరి తట్టు పిడుగు పడింది. చింతచెట్టు కింద చేరిన పదమూడు గొర్రెలు, కాచే మనిషి పోయారు. పేపర్లో ఫొటో వచ్చింది. కాళ్లు బిర్రబిగుసుకుని వరసగా పడి ఉన్న గొర్రెలు. ఎర్రగుంటపల్లి టీ అంగడిలో ఆ పేపరు మూడు రోజులు నలిగింది.

"కుళ్లాయప్ప చోటు చెప్పినాడంట కదా. పిడుగు దావ వెతుక్కుంటా వస్తాండాదిలే. తలుపుల దాకా వచ్చె," అని ఒకడన్నాడు. అందరూ నవ్వారు. ఓబుళప్ప నవ్వలేదు.

బడి ఆవరణలో షామియానా వేశారు. వచ్చినవాళ్లకు మజ్జిగ ప్యాకెట్లు పంచారు. ముందు వరసలో అధికారులు, పక్కన కంపెనీ మనుషులు, సురేంద్ర. మొదట ఉద్యోగాల గురించి మాట్లాడారు. ఊరి కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. కుళ్లాయప్ప వంతు వచ్చింది. తెల్లచొక్కా వేసుకుని, ఉలిగమ్మ పట్టుబట్టి దువ్విన తలతో మైకు ముందు నిలబడి, రాళ్లన్నీ దొడ్డిగుట్టవే అని చెప్పాడు. ఆ మాట అంత గట్టిగా చెప్పడం తొమ్మిదేళ్ల వయసు తర్వాత ఆయనకు అదే మొదలు.

సురేంద్ర రిజిస్టరు నకళ్లు ఎత్తి చూపించాడు.

"ఈ వేలిముద్ర నీదేనా పెద్దాయనా?"

"నాదే."

"నలభై ఒక్కటీ?"

"అన్నీ నావే."

"ఇందులో మరవవంక అని ఉంది. అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్తున్నదా?"

"అప్పుడుది."

"పద్దెనిమిదేళ్లు అబద్ధం చెప్పి జీతం తీసుకున్నావు. ఈ పూట మాత్రం నిజం."

షామియానాలో నవ్వులు లేచాయి. నిర్మల లేచి, ఇది ఈ కాపరుల ఆచారమని, ఎదురు దిక్కు చూపడం వీళ్లలో ఉందని వివరించబోయింది. పెద్ద అధికారి చెయ్యెత్తి ఆపాడు. ఆయన దురుసు మనిషి కాదు. మిగతా కాపరులను కూడా అడుగుదాం అన్నాడు. ఓబుళప్పను పిలిచారు.

"నీ దొడ్డిలో ఇలాంటి రాళ్లు ఉన్నాయా?"

"ఉండాయి సార్."

"ఎక్కడ దొరికాయి?"

ఓబుళప్ప అన్న వైపు చూశాడు. షామియానా అంచు అవతల గుట్ట కనపడుతోంది. దాని మీద పొద్దుటి నుంచి మూసుకున్న మబ్బు కనపడుతోంది. ఆయన కుడిచెయ్యి లేచింది. పడమటికి.

"మరవవంక కాడ సార్."

రెండోవాడు పడమటికి చూపించాడు. మూడోవాడూ అంతే. పదకొండు మందీ ఒకరి తర్వాత ఒకరు మైకు దగ్గరికి వచ్చి, తమ బతుకున్న గుట్టకు వీపు పెట్టి, పడమటికి చెయ్యి చూపించి పోయారు. చివరివాళ్లప్పుడు నవ్వులు కూడా ఆగిపోయాయి. రాసుకునే గుమాస్తా తలెత్తలేదు. స్థానిక కాపరులందరూ రిజిస్టరులోని వివరాలనే ధ్రువీకరించారని మినిట్స్‌లో నమోదైంది. మ్యూజియం ఉద్యోగి తన పాత వాంగ్మూలానికి విరుద్ధంగా మాట్లాడాడని ఇంకో వాక్యం.

అందరూ లేచిపోయాక ఓబుళప్ప అన్న దగ్గరికి వచ్చాడు.

"నేను చెప్దామనే వచ్చినా. చెయ్యి దానంతట అదే లేసె."

తమ్ముణ్ని ఒక్క మాట అనడానికి కుళ్లాయప్పకు హక్కు లేదు. ఆ చెయ్యి తనకూ ఉంది.

ఫైలు పుట్టపర్తికి పోయి, పైకి పోయి, ఎనిమిది నెలల్లో అనుమతి వచ్చింది. దొడ్ల గోడలను ఒక జేసీబీ పొద్దున మొదలుపెట్టి అన్నం వేళకు పూర్తి చేసింది. కాపరులు గోడల్లోంచి తమ రాళ్లు ముందే తీసుకున్నారు. ఈసారి ఎవరూ మ్యూజియానికి తేలేదు. ఓబుళప్ప మంద అమ్మి క్రషర్ దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. దుమ్ముకు దగ్గు పట్టింది. అన్నదమ్ములు ఎదురైతే పలకరించుకుంటారు. గుట్ట గురించి మాట్లాడరు.

ట్రస్టు సభ్యులు సమావేశమై, వివాదం పడ్డ చోట్ల పేర్లు గాజు పెట్టెలో ఉంచకూడదని తీర్మానించారు. కుళ్లాయప్పను తీసేయాలని ఇద్దరు అన్నారు. నిర్మల అడ్డుపడింది. పాత అట్టముక్కలు తీసి కొత్తవి పెట్టారు. పెట్టింది కుళ్లాయప్పే. చదవడం రాదు గనుక అడిగాడు.

"ఏమని ఉండాది మేడమ్?"

"దొరికిన చోటు తెలియదు అని."

"అన్నిటికీ అదేనా?"

"అన్నిటికీ."

ఒక్కోటీ వరస తప్పకుండా పెట్టి, గాజు మూసి, వేలి గుర్తులు తుడిచాడు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఒక టిప్పర్ డ్రైవర్ మ్యూజియానికి వచ్చాడు. పేరు మహేష్, ధర్మవరం మనిషి. చేతిలో పేపరు పొట్లం. అందులో జానెడు గొడ్డలి. మెరుపు చెక్కుచెదరలేదు. క్రషర్‌లో వేయబోతుంటే కనపడిందని, బాగుందని ఇంటికి తీసుకుపోతే భార్య ఇంట్లో పెట్టొద్దందని చెప్పాడు. నిర్మల రిజిస్టరు తెరిచింది.

"ఎక్కడ దొరికింది?"

మహేష్ వాకిలి వైపు తిరిగి వేలు చాచాడు. కుళ్లాయప్ప ఉలిక్కిపడి ఒక అడుగు ముందుకేశాడు, ఆ చేతిని కిందికి దించబోతున్నట్టు. తర్వాత ఆగిపోయాడు. వేలు తిన్నగా తూర్పుకే ఉంది.

"దొడ్డిగుట్ట క్వారీలో మేడమ్. రెండో మెట్టు మట్టిలో. ఇంకా వస్తాండాయి. పగిలిపోయినవి శానా చూసినా. నేనొక్కన్నే పదిసార్లు లోడులో వేసి పంపింటా."

నిర్మల నలభై రెండో నంబరు వేసి, దొడ్డిగుట్ట అని రాసింది. మళ్లీ ఉత్తరాలు రాస్తానంది. పనికొస్తుందా అని కుళ్లాయప్ప అడిగాడు. రాస్తాను అన్నా, అని మాత్రమే అంది. గుట్ట అప్పటికి సగానికి పైగా దిగిపోయింది. గుంతలున్న బండను మొదటి నెలలోనే కోసి లారీల్లో పంపేశారు.

తెచ్చినవాడి సంతకం అయ్యాక, సాక్షి సంతకం గడి మిగిలింది. నిర్మల ఇంకు ప్యాడు జరిపింది.

"చదువు మేడమ్, ముందు," అన్నాడు కుళ్లాయప్ప.

ఆమె చదివింది. రెండోసారి చదవమన్నాడు. చదివింది. వేలిముద్ర వేసి, వేలిని చొక్కాకు తుడుచుకుని, గాజు పెట్టె తాళం తెచ్చాడు. నలభై ఒక్క రాళ్ల పక్కన చోటు చేసి కొత్తదాన్ని పెట్టాడు. మధ్యాహ్నం మూడింటికి క్వారీ వైపు నుంచి రోజూ వినపడే పేలుడు వినపడింది. గాజు కొంచెం అదిరింది. కదిలిన అట్టముక్కను వేలితో సరిచేసి తాళం వేశాడు.